చేతి కట్టరా, మార్బుల్ కట్టరా?

గుమ్మం దగ్గర వెయ్యాల్సిన రెండడుగుల టైలు మూడు ముక్కలయింది. కోసింది నేనే. చూసింది మా అమ్మ. "మేస్త్రి వచ్చేదాకా ఆగరాదేట్రా" అని ఒక్క మాటని లోపలికి వెళ్ళిపోయింది. మేస్త్రి ఎప్పుడొస్తాడో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

మా సుమ్మాదేవి ఎక్కడో తెలియనివాళ్ళ కోసం: హౌరా-చెన్నై లైన్లో పలాస దాటి ఇచ్ఛాపురం వైపు వెళ్తుంటే వచ్చే చిన్న స్టేషను. ఎక్స్‌ప్రెస్సులు దాని మొహం కూడా చూడవు. మా చుట్టుపక్కల జీడితోటలకీ కొబ్బరికీ ఎంత పేరో, తాపీ పనివాళ్ళకీ అంత పేరు. కాకపోతే ఆ మేస్త్రీలంతా ఇప్పుడు హైదరాబాదులోనూ, బెంగళూరులోనూ, గల్ఫులోనూ ఉన్నారు. ఊళ్ళో ఇల్లు కట్టుకోవాలంటే పండక్కొచ్చిన మేస్త్రిని పట్టుకోవాలి. మేమూ అలాగే సంక్రాంతికి ఒకాయన్ని పట్టాం. ఆయన రెండు రోజుల్లో ముందుగది నిండా మొత్తం టైళ్ళు పరిచేసి, "కటింగులు రేపొచ్చి సేసేత్తాను బాబూ" అన్నాడు. ఆ రాత్రే కాంట్రాక్టరు దగ్గర్నుంచి ఫోనొచ్చింది, తెల్లారేసరికి రైలెక్కేశాడు. తప్పు పట్టను. అక్కడ రోజుకూలి అక్కడిది.

కాబట్టి గది మధ్యంతా మెరుస్తోంది, రెండు గోడల వెంట మాత్రం పదమూడంగుళాల సిమెంటు పట్టీ. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మా పలాస పక్కనే తీరం దాటినప్పుడు పైకప్పు పెంకులు పోయిన ఇల్లు ఇది. స్లాబు వేశాం, గచ్చు వేశాం, ఇన్నాళ్ళకి టైల్స్ దాకా వచ్చాం. ఆ పట్టీ అంచున అమ్మ కాలు రెండుసార్లు తట్టుకుంది. మేస్త్రి కోసం ఉగాది దాకా ఆగే ఓపిక నాకు లేదు. ఇంట్లో పాత గ్రైండరు ఉంది, గ్రిల్లు కోసినప్పటిది. కాశీబుగ్గ బజార్లో "రాయి కోసే బ్లేడివ్వండి" అనడిగి తెచ్చి తగిలించాను. ఆ తర్వాత జరిగింది మొదటి వాక్యంలో చెప్పాను.

ఆ మూడు ముక్కలు పట్టుకుని నేను నేర్చుకున్నదే ఈ వారం కబురు. ఇలాంటి సగం గదులు మీ ఇళ్ళల్లోనూ ఉంటాయి.

ముందు మనం కోస్తున్నది ఏమిటో తెలియాలి. షాపువాడు విట్రిఫైడ్ అంటాడు, పెట్టె మీద పోర్సిలిన్ అనుంటుంది, మన పెద్దవాళ్ళు పింగాణీ అంటారు. నేలకి వేసుకునేవాటి విషయంలో మూడూ దాదాపు ఒకటే సరుకు. మెత్తటి మట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ పొడి కలిపి గట్టిగా నొక్కి, సుమారు 1200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. లోపల కొంత భాగం కరిగి గాజులా బిగుసుకుపోతుంది. ప్రమాణం ప్రకారం అది పీల్చుకునే నీరు దాని బరువులో అర శాతానికి మించకూడదు. బాత్రూము గోడలకి వేసే మామూలు సిరామిక్ టైలు పది శాతం పైనే పీలుస్తుంది. ఇంట్లోనే పరీక్ష చెయ్యొచ్చు. టైలు తిరగేసి వెనకవైపు రెండు చుక్కల నీళ్ళు వెయ్యండి. చూస్తుండగానే ఇంకిపోతే సిరామిక్. చుక్క చుక్కలాగే నిలబడితే విట్రిఫైడ్. మొదటిదాన్ని ఎలా కోసినా లొంగుతుంది. రెండోది గాజుకి తమ్ముడు. నా గ్రైండరుకి ఆ సంగతి తెలియదు, నాకూ తెలియదు.

రెండు రోజులకి మా అప్ప కొడుకు వచ్చాడు. పదకొండేళ్ళుగా బెంగళూరులో టైల్స్ పనే. వచ్చింది నా పని మీద కాదు, వాడి దగ్గు మీద. అది తర్వాత చెప్తాను. ముక్కలు చూశాడు, బ్లేడు చూశాడు, నవ్వాడు.

"ఏటి మావా, పళ్ళ బ్లేడెట్టి టైలు కోసినావా? ఇది సిమెంటు గోడలు కొట్టుకునేది కదా."

నా బ్లేడు అంచుకి మధ్యమధ్యలో గాళ్ళున్నాయి. సిమెంటు, ఇటుక, గ్రానైటు దిమ్మలకి అది పనికొస్తుంది. ఆ గాళ్ళలోంచి పొడి బయటికి పోతుంది, బ్లేడు చల్లబడుతుంది. కానీ టైలు మీద ఆ గాడి వచ్చినప్పుడల్లా చిన్న సుత్తి దెబ్బే. నిమిషానికి పదకొండు పన్నెండు వేల చుట్లు తిరిగే గ్రైండర్లో ఎన్ని దెబ్బలో లెక్కేసుకోండి. పెచ్చులు లేవకేం చేస్తాయి? టైలుకి కావలసింది అంచు తెగకుండా గుండ్రంగా ఉన్న సన్నటి డైమండు బ్లేడు. గాళ్ళుండవు, లేదా అంచు మీద వలలాంటి సన్నని గీతలుంటాయి. మిల్లీమీటరున్నర లోపు మందం. షాపులో 'విట్రిఫైడ్ టైల్ బ్లేడు' అని అడగాలి. 'మార్బుల్ బ్లేడు' అంటే ఏదో ఒకటి ఇచ్చేస్తారు. నాకిచ్చారు కదా.

అసలు వాడు నా కళ్ళు తెరిపించింది బ్లేడు గురించి కాదు. "మెషిన్ కొనేముందు కోతలు లెక్కెట్టుకో మావా" అన్నాడు. నేను గది కొలతలు చెప్పాను: 11 అడుగులు, 13 అడుగులు. మీరూ చేసి చూడండి, సరదాగా ఉంటుంది. రెండడుగుల టైలు అంటాం గానీ అది 24 అంగుళాలు కాదు. 600 మిల్లీమీటర్లు, అంటే 24కి కొంచెం తక్కువ. 11 అడుగుల వైపు ఐదు, 13 అడుగుల వైపు ఆరు నిండు టైళ్ళు పడతాయి. గోడల దగ్గర సందు వదలగా రెండువైపులా 13 అంగుళాల చిల్లర మిగులుతుంది. ఒక్కో టైల్లోంచి రెండు ముక్కలొస్తాయని నేను అనుకున్నాను. రావు, 13 సగం కన్నా ఎక్కువ. కాబట్టి 12 టైళ్ళు కొయ్యాలి, మూల టైలుకి రెండు కోతలు, మొత్తం 13 కోతలు. ఒక్కో టైల్లో మిగిలిన ముక్క 10 అంగుళాల పైచిలుకు.

"ఆ ముక్కని పారీకు, స్కర్టింగుకి పనికొస్తది" అన్నాడు. నేను నాలుగంగుళాల స్కర్టింగ్ అనుకుని ఉన్నాను. అలా అయితే ప్రతి ముక్కకీ రెండు కోతలు, చివర పనికిరాని పీలిక. వాడు ఐదంగుళాలకి మార్చాడు. అప్పుడు ప్రతి ముక్కకీ నడిమికి ఒక్క కోత చాలు, 24 పట్టీలు వస్తాయి. గుమ్మం పోను గోడల వెంట 45 అడుగులు, 23 పట్టీలు కావాలి. సరిపోయింది! ఒక గోడకి పట్టీ ఒక నలుసు ఎత్తు, ఇంకో గోడకి నలుసు తక్కువ. ఇప్పటిదాకా నేను తప్ప ఎవరూ కనిపెట్టలేదు.

అంటే లెక్క తేలింది. 25 నేరు కోతలు. ద్వారబంధం దగ్గర రెండు ఎల్ కోతలు. బాత్రూములో మూడు గొట్టాలకి మూడు రంధ్రాలు. ఈ లెక్క కాగితం మీద పెట్టుకున్నాక ఏ పనిముట్టు కొనాలో అడగక్కర్లేదు. నేరు కోతలు ఎక్కువైతే చేతి కట్టరు. ఎల్ కోతకి మెషిన్ తప్పదు. రంధ్రానికి గుండ్రటి డైమండు బిట్టు. అన్నీ ఒక్క గ్రైండరుతో కానిద్దాం అనుకున్నవాడి ఇంట్లో ఏమవుతుందో నా ఇంట్లో చూశారు.

చేతి కట్టరు అంటే చాలామంది చిన్నచూపు చూస్తారు. కరెంటు లేదు, చప్పుడు లేదు, ఇదేం పనిచేస్తుంది అని. ఇనప దిమ్మ మీద రెండు కమ్మీలు, వాటి మీద జారే పిడి, పిడి కింద శనగబద్దంత కార్బైడ్ చక్రం. అది టైలుని కొయ్యదు. పై పింగాణీ మీద ఒక్క గీత గీస్తుంది. తర్వాత పిడి నొక్కితే గీత వెంట టైలు 'టక్'మని రెండవుతుంది. పలాసలో జీడిపిక్కల దగ్గర కూర్చునే ఆడవాళ్ళని చూసినవాళ్ళకి ఈ కిటుకు వెంటనే అర్థమవుతుంది. వాళ్ళు పిక్కని చితక్కొట్టరు. సరైనచోట కత్తి ఆనించి, సరిపడినంతే నొక్కి, డొల్లని తెరుస్తారు. లోపలి పప్పు గుండుగా వస్తే ఒక ధర, బద్దయితే ఒక ధర. బలం ఎక్కువైతే బద్దే.

గీత ఒక్కసారే గియ్యాలి. ఇది నాకు ఎంత చెప్పినా చెయ్యి వినలేదు. సరిగ్గా పడిందో లేదో అని రెండోసారి గీస్తాం, అక్కడే చెడుతుంది. మొదటి గీత కింద వెంట్రుకవాసి బీట మొదలై ఉంటుంది. రెండోసారి చక్రం పక్కకి ఒరిగి ఇంకో బీట వేస్తుంది. నొక్కినప్పుడు టైలు ఏ దారిన పోవాలో తెలియక అడ్డంగా పోతుంది. నేను అలా రెండు పోగొట్టాను. మూడోదానికి మా వాడు నా చేతిమీద చెయ్యేసి గీయించాడు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఆగకుండా, ఒకే ఒత్తిడితో. సన్నగా 'జర్ర్' మనే చప్పుడు మొదటినుంచి చివరిదాకా తెగకూడదు. చప్పుడు తెగితే అక్కడ గీత తెగినట్టే.

కొనేటప్పుడు చూడాల్సినవి నాలుగైదున్నాయి గానీ అసలైనది ఒకటే. కమ్మీలు వంగకూడదు. పిడి పట్టుకుని పక్కకి కదపండి. లొటలొట ఆడితే అక్కడే పెట్టేసి వచ్చెయ్యండి. విట్రిఫైడుకి ఒత్తిడి ఎక్కువ కావాలి, చవక కట్టర్లలో కమ్మీ మధ్యలో విల్లులా పైకి లేస్తుంది. పొడుగు కూడా చూడాలి. రెండడుగుల టైలు నేరుగా కొయ్యడానికి రెండడుగుల కట్టరు చాలు, ఐమూలగా కొయ్యాలంటే 34 అంగుళాలు కావాలి. చక్రం విడిగా దొరుకుతుందో లేదో అడగండి, అరిగాక మార్చాలి. ఇక మన ఉద్దానం సంగతి వేరే చెప్పాలా, ఉప్పుగాలికి ఇనుము వారంలో ఎర్రబడుతుంది. పని అయ్యాక కమ్మీలు తుడిచి మెషిన్ ఆయిల్ రాసి గోనెలో చుట్టి పెట్టండి.

దీనికి చేతకానివీ ఉన్నాయి. అంగుళం కన్నా సన్నటి పీలిక తియ్యలేదు. ఎల్ ఆకారం కొయ్యలేదు. పైన గరుకు గుల్లలున్న జారని టైళ్ళ మీద చక్రం గెంతుతుంది. రెండు-నాలుగు అడుగుల పెద్ద టైళ్ళు ఈమధ్య అందరూ వేస్తున్నారు. వాటిని పొడుగునా కోసే కట్టరు ఖరీదు ఒక్క గదికి గిట్టుబాటు కాదు. అద్దెకి తెచ్చుకోండి, లేదా ఆ టైళ్ళే మానుకోండి. ఇంట్లో సొంతంగా వేసుకునేవాళ్ళకి రెండడుగులదే మేలని నా అభిప్రాయం. నాలుగడుగుల టైలు ఒక్కడు ఎత్తి తిప్పుకోలేడు.

ఇప్పుడు మార్బుల్ కట్టరు. పేరు మార్బులే గానీ కోసేది అన్నీ. గ్రైండరుకీ దీనికీ తేడా ఏమిటంటే దీనికి అడుగున చదునైన పళ్ళెం ఉంటుంది. టైలు మీద ఆనించి తోస్తే బ్లేడు ఎంత లోతు దిగాలో అంతే దిగుతుంది. గ్రైండరు గాల్లో పట్టుకుని కొయ్యాలి, మన చెయ్యి ఎటు వణికితే కోత అటు. రెండోది, నీళ్ళ గొట్టం తగిలించుకునే ఏర్పాటు చాలా మార్బుల్ కట్టర్లకి ఉంటుంది. గ్రైండరు నీళ్ళకోసం చేసింది కాదు, దానిమీద నీళ్ళు పొయ్యకండి.

కొయ్యడంలో వాడు చెప్పినవి నాలుగు ముక్కల్లో చెప్తాను. టైలు కింద ఖాళీ ఉండకూడదు. మా ఊళ్ళో ఇసకకి కొదవలేదు కనక తడి ఇసక చదును చేసి దానిమీద పెట్టుకున్నాం, రాయిలా నిలబడింది. గీత వెంట కాగితం టేపు అంటించి దానిమీద పెన్సిలు గీత గియ్యాలి, పెచ్చులు తగ్గుతాయి. మొదటిసారి రెండు మూడు మిల్లీమీటర్లే దించి ఒక చాలు తియ్యాలి, రెండోసారి పూర్తిగా. చివరి రెండంగుళాల్లో ముక్క తన బరువుకి తనే విరుగుతుంది కాబట్టి ముందే అవతలి అంచునుంచి రెండంగుళాలు కోసి పెట్టుకుని, ఇటునుంచి వెళ్ళి కలవాలి. ఎల్ కోతకైతే లోపలి మూలలో ముందొక చిన్న రంధ్రం వెయ్యాలి. మూల కొసగా ఉంటే బీట అక్కడినుంచే మొదలవుతుంది. గుండ్రంగా ఉంటే బీటకి పట్టు దొరకదు. ద్వారబంధం టైలుకి ఇదే చేశాం.

బ్లేడు కొంతసేపటికి కొయ్యడం మానేసి కాలుస్తుంది. నిప్పురవ్వలు, ఎర్రటి గీత. అరిగిపోయిందనుకుని పారెయ్యకండి. అంచులోని వజ్రపు రవ్వల చుట్టూ ఉండే లోహం నున్నబడి వాటిని కప్పేస్తుంది, అంతే. మెత్తటి ఇటుకనో, పాత సానరాయినో నాలుగుసార్లు కోస్తే రవ్వలు మళ్ళీ తేలతాయి. బ్లేడు మీద బాణం గుర్తు తిరిగే దిక్కుకే ఉండాలి. బ్లేడు మీద రాసిన చుట్ల సంఖ్య మెషిన్ మీద రాసినదానికన్నా ఎక్కువుండాలి. చెక్క కోసే పళ్ళ బ్లేడుని గ్రైండరుకి తగిలించేవాళ్ళని చూశాను, దయచేసి వద్దు. పైనున్న ఇనప తొడుగు విప్పనూ వద్దు.

మన అలవాట్లు ఇంకోటి. లుంగీ కట్టుకుని, మెళ్ళో తువ్వాలేసుకుని, గొంతుక్కూర్చుని, ఎడం కాలితో టైలు తొక్కిపెట్టి కోస్తాం. ఎంతమంది మేస్త్రీలు అలా కొయ్యగా చూశామో! వాళ్ళ పాదాల మీద మచ్చలు కూడా చూడండి. ప్యాంటు, బూట్లు, కళ్ళద్దాలు. తువ్వాలు ఇంట్లో.

నీళ్ళూ కరెంటూ ఒకచోట పెడుతున్నాం కనక ఇదీ చెప్పాలి. లైనుకి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉండాలి. మెయిన్ దగ్గర ఉందో లేదో చూసుకోండి, టెస్టు బటను నొక్కితే పడిపోవాలి. ఎక్స్‌టెన్షన్ వైరు సన్నంగా, పొడుగ్గా ఉంటే వోల్టేజి పడిపోయి మోటారు కాలుతుంది. మా ఊళ్ళో సాయంత్రం లైట్లే గుడ్డిగా వెలుగుతాయి, అందుకే కోతలన్నీ పొద్దున్నే పెట్టుకున్నాం. ప్లగ్గు నేలమీద వదలకుండా కుర్చీ మీద పెట్టాం. నీళ్ళు పొయ్యడానికి రెండో మనిషి. సీసా మూతకి మేకుతో కన్నం పెట్టి, బ్లేడు టైలుని తాకేచోట సన్నగా ధార. మోటారు మీద కాదు.

ఆ రెండో మనిషిగా నేను మా వాణ్ణి పెట్టుకుందామనుకున్నాను. వాడు రానన్నాడు. వాకిట్లో కొబ్బరిచెట్టు కింద, గాలికి ఎదురుగా కుర్చీ వేసుకుని అక్కణ్ణించే చెప్తానన్నాడు. "ఎందుకురా" అంటే శ్రీకాకుళంలో డాక్టరు అడిగిన ప్రశ్న చెప్పాడు.

దగ్గు ఏడాదిగా ఉంది. మెట్లెక్కితే ఆయాసం. బెంగళూరులో మందుల షాపు సిరప్పులు అయ్యాయి. ఇక్కడికొచ్చాక ఎక్స్‌రే తీసి డాక్టరు ముందు టీబీ పరీక్షలు రాశారు, లేదని వచ్చింది. అప్పుడు ఫిల్ము మళ్ళీ పట్టుకుని, "ఏం పని చేస్తావు" అని అడిగారట. టైల్సు అన్నాడు. "నీళ్ళు పోసి కోస్తావా, పొడిగానా?" పొడిగానే సార్. అపార్ట్‌మెంటు పన్నెండో అంతస్తులో, పక్కింట్లో రంగులైపోయిన గోడలుండగా, నీళ్ళు పొయ్యనిస్తారా? తలుపులు మూసుకుని కొయ్యమంటారు. మూతికి తువ్వాలు కట్టుకుని కోశాడు. పదకొండేళ్ళు.

టైలు కోసినప్పుడు లేచే తెల్లటి పొగలో క్వార్ట్జ్ రజను ఉంటుంది, అంటే సిలికా. కంటికి కనబడే పొడి ముక్కులో ఆగిపోతుంది. కనబడనంత సన్నటిది ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్ళి అక్కడే ఉండిపోతుంది, చుట్టూ మచ్చ కడుతుంది. దాని పేరు సిలికోసిస్. వచ్చాక వెనక్కి తీసే మందు లేదు. ఇది కొత్త జబ్బేం కాదు. మనం చిన్నప్పుడు పలకమీద రాసిన బలపాలు కోసిన మధ్యప్రదేశ్ మందసౌర్ కూలీలకి వచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే, కార్మికుడికి ఇది వస్తే ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఉండేది. చాలాసార్లు టీబీ అనుకుని మందులు వాడేస్తారు. సిలికా ఉన్న ఊపిరితిత్తికి టీబీ వచ్చే ముప్పు కూడా ఎక్కువే. వంటింటి గట్లకి వేసే కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లో సిలికా మరీ ఎక్కువని, కోసే కుర్రాళ్ళు ఈ జబ్బుతో పడిపోతున్నారని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ పలకల్నే నిషేధించింది. టైల్లో అంత ఉండదు. కానీ రోజూ కోసేవాడికి తక్కువా ఎక్కువా అన్న మాట ఎన్నేళ్ళు అన్న మాటతో కలుస్తుంది.

మా వాడికి ఇదేనని డాక్టరు ఇంకా తేల్చి చెప్పలేదు. పెద్ద స్కానుకి రాశారు. దుమ్ము పని మానెయ్యమని మాత్రం గట్టిగా చెప్పారు. వాడికొచ్చిన పని అదొక్కటే.

మన ఇంట్లో ఒక్క గది కోసినంతమాత్రాన సిలికోసిస్ రాదు, భయపడక్కర్లేదు. కానీ ఆ పొగ పిల్లలున్న గదిలోకి, వంటింట్లోకి వెళ్తుంది. నేను గ్రైండరుతో కోసిన ఆ ఒక్క టైలు దుమ్ము మూడు రోజులు మంచాల మీద కనబడింది. అందుకే నేరు కోతలన్నీ చేతి కట్టరు మీదే చెయ్యమంటున్నాను. దాంట్లో గీతకి లేచేది చిటికెడు పొడి. 25 కోతలూ ఇంట్లోనే కూర్చుని చేశాం, చాపమీద తడిగుడ్డ పెట్టి తుడిస్తే అయిపోయింది. మెషిన్‌తో కోసిన రెండూ వాకిట్లో, నీళ్ళు పోస్తూ. మూతికి తువ్వాలు కాదు, ఎన్-95. కరోనా నాటివి మీ ఇంట్లో ఇంకా ఉండే ఉంటాయి, ముక్కు మీద తీగ నొక్కి గాలి పక్కనుంచి పోకుండా పెట్టుకోండి. టెక్కలి వైపు గ్రానైటు ఫ్యాక్టరీల పక్కన పేరుకున్న తెల్లటి బురద చూశారా? అంత పెద్ద రాళ్ళు కోసే రంపాల మీద కూడా నీళ్ళే పోస్తారు. కోతకి నీళ్ళు పోస్తే దుమ్ము బురదగా మారుతుంది, అంతే కిటుకు. ఆ బురద ఆరకముందే ఎత్తెయ్యాలి. ఆరితే మళ్ళీ దుమ్మే. చీపురు పట్టుకోవద్దు, తడిగుడ్డ. తూములో పొయ్యకండి, లోపల గట్టిపడుతుంది.

బాత్రూము రంధ్రాల సంగతి క్లుప్తంగా. గొట్టంలాంటి డైమండు బిట్టు, మామూలు డ్రిల్లుకి పెట్టుకోవచ్చు. హేమరు మోడ్ ఆపెయ్యాలి, లేకపోతే టైలు పగులుతుంది. నిలువుగా పెడితే జారుతుంది. ముందు ఏటవాలుగా ఆనించి నెలవంకలాంటి గాడి పడ్డాక మెల్లిగా నిలబెట్టాలి. నెమ్మదిగా తిప్పాలి, నీళ్ళు చిలకరిస్తూ ఉండాలి. గొట్టం కన్నా ఒక సైజు పెద్ద బిట్టు తీసుకోండి. నేను సరిగ్గా సరిపోయేది తెచ్చి, మళ్ళీ కాశీబుగ్గ వెళ్ళొచ్చాను.

కోసిన అంచులు కత్తిలా ఉంటాయి. డైమండు పూత ఉన్న చేతి రుద్దుడు పలక, లేదంటే సానరాయి, తడిపి నాలుగుసార్లు ఏటవాలుగా రుద్దండి. నేను చెయ్యి తెగాక రుద్దాను.

చివరగా కొనడమా, అద్దెకా? నేను చేతి కట్టరు కొన్నాను. ఇంకా రెండు గదులున్నాయి. మార్బుల్ కట్టరు రెండు కోతల కోసం కొనలేదు, మా వాడిదే వాడాను. వాడి సామాను సంచిలో అది ఉంది, ఇంకా అమ్మలేదు. బ్లేడు మాత్రం నా డబ్బుతో కొన్నాను. అందులో మాత్రం పిసినారితనం వద్దు. మెషిన్ చవకదైనా మంచి బ్లేడుతో పని జరుగుతుంది, మంచి మెషిన్‌కి చచ్చు బ్లేడు పెడితే జరగదు. టైళ్ళు లెక్కకన్నా పది శాతం ఎక్కువ తెచ్చుకోండి, ఒకే బ్యాచి నంబరు చూసి. నాకు 42 కావాలి, నాలుగేసి ఉన్న పెట్టెలు పన్నెండు తెచ్చాను. మూడు నా చేతుల్లో పోయాయి, మూడు మంచం కింద ఉన్నాయి.

గుమ్మం టైలు మా వాడే కోశాడు, చివరికి. నేను ఎంత వద్దన్నా వినలేదు. మాస్కు బిగించుకుని, నన్ను నీళ్ళు పొయ్యమని, ద్వారబంధం చుట్టూ వెంట్రుక సందు లేకుండా తీశాడు. అమ్మ వచ్చి వేలితో తడిమి చూసి, "ఈడి సెయ్యి సూడు" అంది.

చేతి కట్టరు పోయిన ఆదివారం పక్కింటివాళ్ళు పట్టుకెళ్ళారు, అక్కణ్ణించి మూడో ఇంటికి వెళ్ళిందని విన్నాను. చక్రం విప్పి నా దగ్గరే ఉంచుకున్నాను. కావాలంటే వాళ్ళే వస్తారు.